తీగ మారింది.. తీరు మారేదెప్పుడు?

* ఆపరేటరు కంపెనీ మారితే ముందస్తు సొమ్ము గల్లంతు
* ఒప్పందం ఎవరితో జరిగిందో తెలియని వినియోగదారులు
* వేగం పెరిగినా మరమ్మతుకు వచ్చే మనిషికోసం ఎదురుచూపులే

భీమవరం: పట్టణ శివారులోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట ప్రతి ఉదయం ఆరుగంటలకు అమెరికా పలుకుతుంది. అక్కడ అది రాత్రి భోజనాల వేళ. దంపతులిద్దరూ మనవరాలి ముఖం చూసుకునేది ఆ అరగంట సేపే. ఇటీవల ఒకనాటి ఉదయం గోడకు బిగించిన పెట్టెలో ఆకుపచ్చ దీపానికి బదులు ఎర్రదీపం వెలిగింది. చెట్టుకొమ్మ పడి తీగ తెగిందేమోనని ఆయన ఆపరేటరుకు ఫోను చేశారు. "అబ్బే, తీగ బాగానే ఉందండీ మాస్టారూ. ఒకటో తారీఖు నుంచి మేం కంపెనీ మారామండీ. కొత్త పెట్టె పెడితే సరిపోద్దండీ. ప్యాకేజీ మాత్రం మళ్ళీ కట్టాలండీ" అని సమాధానం వచ్చింది. ఆరునెలలకు ముందుగా చెల్లించిన సొమ్ములో ఇంకా నాలుగు నెలల గడువు మిగిలి ఉంది. అదేమయిందని అడిగితే పాత కంపెనీవారిని అడగాలన్నారు. ఆ పాత కంపెనీ పేరేమిటో మాస్టారికి తెలియదు. ఆయన చేతిలో ఉన్న రసీదు మీద ఉన్నది కేబుల్ ఆపరేటరు పేరు, ఒక అంకె, ఒక సంతకం మాత్రమే.

గోదావరి జిల్లాల్లో ఈ అనుభవం ఒక్క ఇంటికే పరిమితం కాదు. పదిహేనేళ్ళ క్రితం వరకు ఇంటర్నెట్టు కావాలంటే టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్ళి దరఖాస్తు నింపి ఇవ్వడం ఒక్కటే మార్గం. నేడు ఒకే విద్యుత్ స్తంభం మీద ఐదారు సంస్థల తీగలు వేలాడుతున్నాయి. వేగం వందల రెట్లు పెరిగింది, ధర తగ్గింది. అయితే సంస్థలు చేతులు మారిన ప్రతిసారీ, ఆపరేటరు పక్షం మార్చిన ప్రతిసారీ ఆ మార్పు భారం చివరకు ఇంటి యజమాని నెత్తినే పడుతోంది. తీగలు వేయడం మీద ఉన్న శ్రద్ధ లెక్కలు సరిచూడటం మీద ఎవరికీ లేకపోవడమే ఇందుకు కారణంగా కనిపిస్తోంది.

రాత్రి రెండు నుంచి ఎనిమిది వరకు..

దేశంలో బ్రాడ్‌బ్యాండ్‌కు ఒక నిర్వచనం ఏర్పడింది 2004 అక్టోబరులో ప్రకటించిన విధానంతోనే. సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, దానిని బ్రాడ్‌బ్యాండ్‌గా పరిగణించారు. మరుసటి ఏడాది జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ 'డేటావన్' పేరిట సేవలను ప్రారంభించింది. నెలకు ఇన్ని మెగాబైట్లని పరిమితి, అది దాటితే మెగాబైటుకు ఇంతని అదనపు రుసుము. ఆదమరచి వాడిన ఇళ్ళకు వేలల్లో బిల్లులు రావడం, బిల్లు కాగితం పట్టుకుని పెద్దలు కార్యాలయాల చుట్టూ తిరగడం ఆనాటివారికి గుర్తే. అయిదువందల రూపాయల పథకంలో రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది గంటల వరకు పరిమితి లేకుండా వాడుకునే వెసులుబాటు ఉండేది. ఇంజినీరింగు విద్యార్థులు అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడులు మొదలుపెట్టేవారు. 256 కిలోబిట్ల వేగంతో 700 మెగాబైట్ల సినిమా ఒకటి దిగడానికి లెక్క ప్రకారం ఆరుగంటలు పట్టేది. ఉచిత సమయమూ సరిగ్గా ఆరుగంటలే. 2007 జనవరి నుంచి గరిష్ఠ వేగాన్ని రెండు మెగాబిట్లకు పెంచడంతో ఆ పరిస్థితి మెరుగుపడింది.

ఆ సేవ నడిచినది రాగితీగ మీద. ఎక్స్ఛేంజి నుంచి ఇల్లు మూడు, నాలుగు కిలోమీటర్లు దాటితే వేగం పడిపోతుంది. వాన పడితే వీధి చివరి పెట్టెలోకి నీరు చేరి గరగర శబ్దం వస్తుంది. కాలువ గట్ల మీద తవ్వకాలు జరిగినప్పుడల్లా తీగలు తెగేవి. రాగికి ధర పలకడంతో దొంగల బెడదా తప్పేది కాదు. అయినా ఒక సౌలభ్యం ఉండేది. లైన్‌మన్ ఎవరో ఊరందరికీ తెలుసు. సైకిలు మీద వచ్చేవాడు, టీ తాగి వెళ్ళేవాడు. 2019 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన పునరుద్ధరణ పథకంలో భాగంగా స్వచ్ఛంద పదవీ విరమణకు దేశవ్యాప్తంగా సుమారు 78 వేల మంది బీఎస్‌ఎన్‌ఎల్ సిబ్బంది ముందుకు వచ్చారు. 2020 జనవరి 31న వారందరూ ఒక్కరోజే ఇంటిముఖం పట్టారు. ఆ మరుసటి నుంచి తీగ బాగుచేసే పని చాలాచోట్ల ఒప్పందదారుల చేతికి వెళ్ళింది. ఇప్పుడు ఆ సంస్థ ఫైబర్ కనెక్షన్లలో అధికభాగం స్థానిక భాగస్వాములే ఆదాయంలో వాటా తీసుకుని నడుపుతున్నారు. పేరు ప్రభుత్వ సంస్థదే అయినా గడపలోకి వచ్చే మనిషి మాత్రం ప్రైవేటు ఆపరేటరు.

మోరి నుంచి మొదలైన ముచ్చట

నరసాపురం వద్ద వశిష్ఠ గోదావరి రేవు దాటితే కోనసీమ. అక్కడి సఖినేటిపల్లి మండలంలో మోరి గ్రామం ఉంది. జీడిపప్పుకు పేరుపొందిన ఈ ఊరు 2016 డిసెంబరులో మరొక కారణంగా వార్తలకెక్కింది. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్ గ్రిడ్‌తో ఇంటింటికీ అనుసంధానమైన గ్రామంగా నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు దానిని ప్రకటించారు. మరుసటి ఏడాది డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు రూ.149కే టీవీ చానెళ్ళు, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడూ కలిపి ఇవ్వడం ఆనాటికి సంచలనమే.

ఈ పథకంలో మేధస్సంతా తీగ వేసిన పద్ధతిలో ఉంది. భూమి తవ్వి తీగ పాతాలంటే ఏళ్ళు పడుతుంది, వేలకోట్లు కావాలి. అందుకే రాష్ట్రమంతటా అప్పటికే నిలబడి ఉన్న విద్యుత్ స్తంభాల మీదుగా సుమారు 23 వేల కిలోమీటర్ల తీగ లాగారు. విద్యుత్ ఉపకేంద్రాలలోనే యంత్రాలను అమర్చారు. అక్కడి నుంచి ఇంటికి చేరే చివరి భాగాన్ని స్థానిక కేబుల్ ఆపరేటర్లకు అప్పగించారు. తక్కువ ఖర్చుతో త్వరగా పని పూర్తయింది. అదే సమయంలో గాలివానకు ఎదురొడ్డే శక్తి ఆ తీగకు స్తంభానికి ఉన్నంతే అన్నది కూడా ఖాయమయింది. 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాను తిత్లీ తుఫాను చుట్టుముట్టినప్పుడు స్తంభాలు నేలకొరిగాయి. స్తంభంతోపాటే దాని మీది తీగ కూడా.

ఆ తరువాతి ఏళ్ళలో పథకం ధరలు పెరిగాయి. టెండర్లపై కేసులు, రాజకీయ ఆరోపణలు ముసురుకున్నాయి. పెట్టెలు పాడయితే కొత్తవి దొరక్క ఆపరేటర్లు వినియోగదారులకు సమాధానం చెప్పుకోలేకపోయారు. 2024 చివరిలో బాధ్యతలు చేపట్టిన ఛైర్మన్ కనెక్షన్ల సంఖ్య భారీగా పడిపోయిందని స్వయంగా వెల్లడించారు. నిబంధనలకు విరుద్ధంగా నియమించారంటూ 410 మంది సిబ్బందిని తొలగిస్తున్నట్లు ఆ డిసెంబరులో ప్రకటించారు. రెండునెలలు తిరగకముందే, అధికారులతో విభేదాల నడుమ ఆయనే రాజీనామా చేశారు. పైస్థాయిలో ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారన్నది ఊళ్ళో ఇంటి యజమానికి అక్కరలేని విషయం. తన పెట్టె పాడయితే ఎవరు మారుస్తారన్నదే అతనికి కావాలి. ఆ ప్రశ్నకు సమాధానం దొరకనప్పుడే అతడు మరో సంస్థ వైపు చూశాడు.

ఆపరేటరు సంకటం

కేబుల్ ఆపరేటరును తప్పుపట్టడం తేలికే. అతని వైపు నుంచి చూస్తే మరో కథ ఉంది. 1990వ దశకంలో డిష్ యాంటెన్నాతో మొదలుపెట్టి, వీధివీధికీ తీగ లాగి, నెలకు వందో నూటయాభయ్యో వసూలు చేసుకుంటూ ఈ వృత్తిలో స్థిరపడినవారు వీరు. 2017 మార్చితో గ్రామీణ ప్రాంతాల్లోనూ డిజిటలీకరణ గడువు ముగియడంతో సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరయ్యాయి. 2019 ఫిబ్రవరి ఒకటి నుంచి ట్రాయ్ కొత్త ధరల విధానం వచ్చింది. ప్రాథమిక రుసుము రూ.130, ఆపైన చానెలుకు ఇంతని లెక్క. ఈ లెక్కలు జనానికి నచ్చచెప్పలేక ఆపరేటర్లు అలసిపోతుండగానే ఫోనులోనే సినిమాలు, క్రికెట్టు చూసే కాలం వచ్చిపడింది. టీవీ కనెక్షన్లు ఒక్కటొక్కటిగా తెగిపోతుంటే వారికి మిగిలిన ఆధారం ఇంటర్నెట్టే.

సరిగ్గా ఆ సమయంలోనే పెద్ద సంస్థలు రంగప్రవేశం చేశాయి. 2018లో రిలయన్స్ సంస్థ హాథ్‌వే, డెన్ అనే రెండు పెద్ద కేబుల్ సంస్థల్లో అధిక వాటా కొనుగోలుకు సిద్ధపడింది. 2019 సెప్టెంబరు 5న జియోఫైబర్‌ను వాణిజ్యపరంగా ప్రారంభించింది. మొదట కనీస పథకం రూ.699 ఉండగా, కరోనా కాలంలో, 2020 ఆగస్టు చివరిలో రూ.399కే 30 మెగాబిట్ల పథకాన్ని ప్రకటించింది. ఎయిర్‌టెల్ కూడా ధర తగ్గించక తప్పలేదు. హైదరాబాదు, బెంగళూరుల నుంచి కంప్యూటరు ఉద్యోగులు సొంతూళ్ళకు తరలివచ్చి, కొబ్బరిచెట్ల నడుమ బల్ల వేసుకుని పనిచేసిన కాలమది. ఒక్కో వీధిలో ఒక్కసారిగా పదేసి కనెక్షన్లకు గిరాకీ వచ్చింది. తీగ లాగేవారికి ఊపిరాడలేదు.

పెద్ద సంస్థ నేరుగా వీధిలోకి వస్తే ఆపరేటరు ముందు మూడు దారులు ఉంటాయి. దానికే ఏజెంటుగా చేరడం, మరో మధ్యస్థాయి సంస్థ అండ చూసుకోవడం, లేదా దుకాణం మూసుకోవడం. ఎక్కువమంది రెండో దారి పట్టారు. ఎవరు తక్కువ ధరకు పైనుంచి ఇంటర్నెట్టు ఇస్తే, ఎవరు ఎక్కువ వాటా ఇస్తే వారి వైపు మొగ్గుతున్నారు. ఏడాదికో రెండేళ్ళకో కంపెనీ మారడం ఈ వ్యాపారంలో సర్వసాధారణమైంది. పైవాడికి బాకీపడి మారేవారూ లేకపోలేదు. మారిన రాత్రి వినియోగదారుని ఇంట్లో ఎర్రదీపం వెలుగుతుంది.

రసీదు మీద లేని పేరు

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఇంటర్నెట్టు సేవ అమ్మడానికి కేంద్ర టెలికాం శాఖ లైసెన్సు కావాలి. అది దేశమంతటికీ కావచ్చు, ఒక సర్కిలుకు కావచ్చు, జిల్లా స్థాయి చిన్న ప్రాంతానికీ కావచ్చు. వీధి ఆపరేటర్లలో అత్యధికులకు ఆ లైసెన్సు ఉండదు. వారు లైసెన్సు ఉన్న సంస్థకు ప్రతినిధులు మాత్రమే. చట్టం దృష్టిలో వినియోగదారునికి ఒప్పందం కుదిరేది ఆ లైసెన్సుదారుతో. ఆధార్ నకలు, ఫోటో తీసుకుని నింపే దరఖాస్తు ఆ సంస్థ పేరిటే ఉంటుంది. ఉండాలి కూడా.

అయితే ఆచరణలో ఆ దరఖాస్తు వినియోగదారుని చేతికి రాదు. కనెక్షను ఇచ్చేనాడు ఆధార్ కార్డును ఫోనులో ఫోటో తీసుకుంటారు, ఓటీపీ చెప్పమంటారు, అంతే. సొమ్ము ఆపరేటరు సొంత యూపీఐ ఖాతాకు వెళుతుంది. పద్దెనిమిది శాతం జీఎస్టీతో కూడిన బిల్లు సంస్థ నుంచి రావాల్సి ఉండగా, చాలా ఇళ్ళలో వాట్సాప్ సందేశమే బిల్లు. ఆరునెలలకు ఒక నెల ఉచితం, ఏడాదికి రెండు నెలలు ఉచితం అని ఆశచూపి ముందస్తుగా తీసుకున్న సొమ్ములో పైసంస్థకు ఎంత జమ అయింది, ఆపరేటరు వద్ద ఎంత ఉంది అన్నది వారిద్దరికే తెలుసు. కొందరు ఏడాది సొమ్ము వసూలు చేసి, పైవారికి నెలనెలా కడతారన్నది ఈ రంగంలో బహిరంగ రహస్యం. కంపెనీ మారిన రోజున ఆ మిగులు ఎవరి ఖాతాలోనిదో తేలదు. ఉచితంగా వచ్చిన రెండు నెలలు అలా నాలుగు నెలల నష్టంగా మారుతున్నాయి.

మొబైల్ ఫోనుకు ఉన్నట్టు నంబరు మారకుండా సంస్థ మార్చుకునే సదుపాయం బ్రాడ్‌బ్యాండ్‌కు లేదు. మారడమంటే పాతది రద్దు చేసి కొత్తది తీసుకోవడమే. పాత పెట్టెకు కట్టిన డిపాజిట్టు వెనక్కి రావాలంటే పెట్టె అప్పగించినట్టు రసీదు ఉండాలి. ఆపరేటరు కుర్రాడు వచ్చి పెట్టె విప్పుకుని సంచిలో వేసుకుపోతే మిగిలేది గోడ మీద రెండు మేకుల గుర్తులే. రద్దు చేసుకున్న కనెక్షను తాలూకు డిపాజిట్టును 45 రోజుల్లోగా తిరిగి ఇవ్వాలని ట్రాయ్ 2024 నిబంధనలు చెబుతున్నాయి. డిపాజిట్టు కట్టినట్టు ఆధారమే లేనివారికి ఆ నిబంధన ఏ విధంగా అక్కరకు వస్తుందన్నది ప్రశ్న.

వంద అన్నారు, పది వస్తోంది

వేగం పెంచుకోవాలనుకునే ఇళ్ళలో మరో రకం ఫిర్యాదు వినిపిస్తోంది. ముప్ఫై నుంచి వందకు, వంద నుంచి మూడువందలకు పథకం మార్చినా ఫలితం కనిపించడం లేదన్నది దాని సారాంశం. ఇందులో కొంత సంస్థల తప్పు, కొంత పెట్టెల తప్పు, మరికొంత ఇంటి గోడలది.

వేగాన్ని సెకనుకు మెగాబిట్లలో చెబుతారు. ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో లెక్కిస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు. అంటే వంద మెగాబిట్ల కనెక్షనులో తెర మీద సెకనుకు పన్నెండు మెగాబైట్లు కనిపిస్తే అది మోసం కాదు, సరయిన లెక్కే. ఈ ఒక్క విషయం తెలియక గొడవపడినవారు ఎందరో ఉన్నారు.

ఇంటిదాకా వచ్చే ఫైబర్ మార్గంలో ఒక్కో మూలతీగ సుమారు 2,500 మెగాబిట్లను మోస్తుంది. దానిని సాధారణంగా 32 ఇళ్ళకు, కొన్నిచోట్ల 64 ఇళ్ళకు చీలుస్తారు. 32 ఇళ్ళూ ఒకేసారి పూర్తిగా లాగినా ఇంటికి 78 మెగాబిట్ల దాకా వస్తాయి. కాబట్టి వీధిలో తీగ చాలకపోవడం అరుదు. కొరత ఏర్పడేది పైన. ఆపరేటరు తన వద్ద ఉన్న వందలాది ఇళ్ళకు కలిపి పైసంస్థ నుంచి కొనే సామర్థ్యం తక్కువయితే రాత్రి ఎనిమిది నుంచి పదకొండు వరకు అందరికీ నత్తనడకే. మధ్యాహ్నం బాగుండి రాత్రివేళ మాత్రమే మందగిస్తే కారణం ఇదేనని గ్రహించవచ్చు. అటువంటి చోట పథకం పెంచుకుంటే బిల్లు పెరగడం తప్ప ప్రయోజనం ఉండదు. ఇరుగుపొరుగు వేరే సంస్థ కనెక్షనుతో అదే గంటలో పోల్చి చూసి మారడం మేలు.

పెట్టె సంగతి మరొకటి. పాత చౌక రకం రౌటర్ల అట్టపెట్టె మీద 300 అని రాసి ఉంటుంది గానీ వెనుక తీగ పెట్టే రంధ్రం సామర్థ్యం వందే. అందులో మూడువందల పథకం పోస్తే వందకు మించి బయటకు రాదు. వైఫైలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు మార్గాలుంటాయి. మొదటిది గోడలు దాటి దూరం వెళుతుంది, కానీ వేగం తక్కువ. పైగా పక్క ఇళ్ళ వైఫైలన్నీ అక్కడే గుమిగూడతాయి. రెండోది వేగంగా ఉంటుంది, కానీ గోడ అడ్డువస్తే నీరసిస్తుంది. డెల్టాలోని పాత మండువా ఇళ్ళ గోడలు మూరెడు మందం ఉంటాయి. వీధి అరుగు వద్ద పెట్టె బిగిస్తే పెరటి గదికి ఏమీ చేరదు. ఆపరేటరు కుర్రాడు తీగ ఆదా అయ్యేలా గుమ్మం పక్కనే పెట్టె బిగించి వెళ్ళిపోతాడు. పది మీటర్ల తీగ అదనంగా వేయించుకుని నడిమింట్లో పెట్టించుకున్నవారికి పథకం పెంచాల్సిన అవసరమే రాకపోవచ్చు. టీవీకి వైఫై బదులు తీగ కలిపితే మిగిలిన ఫోనులకు భారం తగ్గుతుంది.

'అపరిమితం' అన్న మాటకూ పరిమితి ఉంది. ప్రధాన సంస్థల ఫైబర్ పథకాల్లో నెలకు సుమారు 3,300 గిగాబైట్లు దాటితే వేగం తగ్గించే నిబంధన చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. సాధారణ కుటుంబం ఆ దరిదాపులకు వెళ్ళదు. రొయ్యల చెరువుల వద్ద రేయింబవళ్ళు నిఘా కెమెరాలు నడిపే రైతులు మాత్రం చూసుకోవాలి. జియో, ఎయిర్‌టెల్ సంస్థలు 2023 నుంచి ప్రవేశపెట్టిన తీగ లేని ఎయిర్‌ఫైబర్ సేవల్లో ఈ హద్దు వెయ్యి గిగాబైట్లుగా ఉంది. తీగ రాని చెరువు గట్లకు, శివారు ఇళ్ళకు ఈ సేవ వరమే. మేడ మీద పెట్టెకు, సెల్ టవరుకు నడుమ కొబ్బరితోట అడ్డం ఉంటే మాత్రం పరీక్షించి చూడకుండా ఏడాది సొమ్ము కట్టడం తగదు. టవరు కింద వాడకందారులు పెరిగేకొద్దీ వాటా తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

కరెంటు పోతే ఏమవుతుందన్న సంగతి రాగితీగ వాడినవారికి కొత్త. ఎక్స్ఛేంజి నుంచే విద్యుత్తు అందేది కనుక పాత ఫోను చీకట్లోనూ మోగేది. ఫైబర్ పెట్టెకు ఇంటి కరెంటు కావాలి. తుఫాను రాత్రి ఇంట్లో ఫోను పలకాలంటే పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ యూపీఎస్ ఒకటి పెట్టుకోక తప్పదు.

స్తంభం ఎవరిది?

జిల్లా అంతటా ఇంటర్నెట్టు విద్యుత్ స్తంభాలనే నమ్ముకుని ఉంది. వాటి మీద తీగ వేసుకోవాలంటే డిస్కం అనుమతి పొంది అద్దె చెల్లించాలి. అనుమతి తీసుకున్నవి ఎన్నో, రాత్రికి రాత్రి లాగినవి ఎన్నో కిందినుంచి చూస్తే తెలియదు. వాడకం ఆగిపోయిన పాత కంపెనీల తీగలను విప్పేవారు లేరు. ఉట్టిలా వేలాడే ఆ తీగల గుత్తులు లారీలకు తగులుతున్నాయి, విద్యుత్ సిబ్బంది స్తంభం ఎక్కేందుకు అడ్డుపడుతున్నాయి.

2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి ఐదుగురు మృత్యువాత పడ్డారు. ఆ వెంటనే తెలంగాణ దక్షిణ డిస్కం సిబ్బంది నగరంలో స్తంభాల మీది కేబుల్, ఇంటర్నెట్టు తీగలను కత్తిరించడం మొదలుపెట్టారు. వేలాది ఇళ్ళకు ఒక్కసారిగా ఇంటర్నెట్టు నిలిచిపోయింది. ఇళ్ళ నుంచి పనిచేసే ఉద్యోగులు గగ్గోలు పెట్టారు. వ్యవహారం హైకోర్టు వరకు వెళ్ళింది. ప్రాణాలకంటే ఇంటర్నెట్టు ముఖ్యం కాదన్న వాదనలో బలం ఉంది. ఏళ్ళతరబడి చూస్తూ ఊరుకుని ఒక్కరోజున కోసేయడం ఏమిటన్న వాదనలోనూ అంతే బలం ఉంది. గోదావరి జిల్లాల పట్టణాల్లో స్తంభాల పరిస్థితి అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. సంక్రాంతికి ముందు ప్రభలు, జాతర రథాలు కదిలే వీధుల్లోనైనా డిస్కం, పురపాలక అధికారులు ఆపరేటర్లను పిలిచి వాడుకలో లేని తీగలను తీయించాలని స్థానికులు కోరుతున్నారు. ఆ పని ఇంతవరకు ఒక పద్ధతి ప్రకారం జరిగిన దాఖలా లేదు.

ఎక్కడ మొర పెట్టుకోవాలి?

ఫిర్యాదుకు మార్గాలు లేకపోలేదు. వాటి ఆనుపానులు తెలిసినవారు తక్కువ. ఆపరేటరుకు ఫోను చేయడం ఫిర్యాదు కిందికి రాదు. లైసెన్సుదారు సంస్థ కాల్ సెంటరుకు ఫోను చేసి డాకెట్ నంబరు తీసుకుంటేనే లెక్కలోకి వస్తుంది. అక్కడ పరిష్కారం దొరకకపోతే 30 రోజుల్లోగా ఆ సంస్థ అప్పీలు విభాగాన్ని ఆశ్రయించాలి. వారు 39 రోజుల్లోగా తేల్చాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ట్రాయ్ స్వయంగా వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

తీగ తెగి మూడు రోజులు దాటినా సేవ పునరుద్ధరించకపోతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలన్న నిబంధన 2006 నుంచీ ఉంది. 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలు ముందుగా సొమ్ము కట్టినవారికి కూడా పరిహారం వర్తింపజేశాయి. తుఫాను తరువాత వారం రోజులు సేవ లేకపోయినా ఈ తగ్గింపు అడిగినవారు ఈ ప్రాంతంలో అరుదు. అడగనిదే ఇచ్చిన సంస్థ మరీ అరుదు.

టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్ల పరిధిలోకి రావన్న వాదనను సంస్థలు చాలాకాలం వినిపించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారమయితే జిల్లా కమిషనులో రుసుము కూడా లేదు. రెండువేల రూపాయల కోసం ఎవరు తిరుగుతారన్న నిర్లిప్తతే ఆపరేటర్లకు రక్ష అవుతోంది. ఒక వీధిలో ఇరవై ఇళ్ళవారు కలిసి దరఖాస్తు చేసుకుంటే ఆ రెండువేలు నలభైవేలవుతాయి.

ముందస్తు చెల్లింపు చేసేవారు మూడు నెలలకు మించి కట్టకపోవడం, ఆపరేటరు ఖాతాకు కాకుండా సంస్థ యాప్ ద్వారా చెల్లించడం, దరఖాస్తు నకలును అడిగి తీసుకోవడం మంచిదని ఈ రంగంలో అనుభవమున్నవారు సూచిస్తున్నారు. యాప్‌లో చెల్లించమంటే తగ్గింపు రాదని ఆపరేటరు చెబితే, ఆ తగ్గింపు ఎందుకు వస్తోందో ఆలోచించుకోవాల్సిందే.

రాగి ఫోనును ఇంకా ఉంచుకున్న ఇళ్ళకు మరొక చిక్కు ఉంది. పెళ్ళి పత్రికల మీద, బంధువుల డైరీల్లో, పాత బ్యాంకు కాగితాల మీద ఉన్నది ఆ నంబరే. ఫైబర్ తీసుకున్నామన్న ఉత్సాహంలో పాత ఫోనును అప్పగించి నంబరు పోగొట్టుకున్నవారు ఉన్నారు. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబరుకే మారితే పాత నంబరును కొనసాగించుకునే వీలుంది. అయితే దరఖాస్తులో అది కొత్త కనెక్షను కాదు, పాత కనెక్షను మార్పిడి అని ముందే రాయించుకోవాలి. పాతది రద్దయిన తరువాత అడిగితే ప్రయోజనం లేదు.

మాస్టారి ఇంట్లో కొత్త పెట్టె బిగించారు. మూడు నెలలకు సొమ్ము కట్టి, ఈసారి కంపెనీ పేరు, కాల్ సెంటరు నంబరు, దరఖాస్తు సంఖ్య ఆపరేటరు కుర్రాడి చేతే కాగితం మీద రాయించుకుని దానిని పెట్టె పక్కన గోడకు అతికించారు. పాత కంపెనీకి నాలుగు నెలల బాకీ గురించి పెట్టిన ఫిర్యాదుకు డాకెట్ నంబరు వచ్చింది. సొమ్ము ఇంకా రాలేదు.